చిలక మింగిన నొప్పి

పొద్దు పొడిచి సరిగ్గా రెండు ఘడియలైంది. పొన్నగిరి రాజు వీరబాహు పెరటి అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. ఇది ఎప్పటి సంగతంటే, పిల్లలూ, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల్లో కూడా పడనప్పటిది. తోముకుంటున్న రాజు ఉన్నట్టుండి ఆగాడు. కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఆచార్యా," అన్నాడు ఎదురుగా నిలబడిన వైద్యుడితో, "ఇక్కడ నాకు చాలా ఊరటగా ఉంది."

వైద్యుడు ధరణీధరుడు సంతోషించాడు. ఊరటగా ఉన్నచోట నూనె రాసి ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఇప్పుడెలా ఉంది ప్రభూ?"

"మరీ ఊరటగా ఉంది," అని రాజు కళ్లు తేలేశాడు.

వైద్యుడు చెడ్డవాడు కాడు, రాజు అబద్ధాలకోరు కాడు. ఇద్దరూ ఇలా మాట్లాడుకోవడానికి కారణం ఉంది.

మన ఇళ్లలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునే ఆ మాట అంటారు. పొన్నగిరిలోనూ అంతే. ఒక ఏడు రాజుగారి పుట్టినరోజున ధూమ్రముఖుడనే మాంత్రికుడు సభకు వచ్చి, "ప్రభూ, ఇంటింటా ఉన్న ఈ మర్యాద రాజ్యం మొత్తానికి ఉంటే ఎంత బాగుంటుంది," అన్నాడు. రాజు మెత్తనివాడు. చెడ్డ కబురు వినడం ఆయనకు ఇష్టం ఉండదు. సరేనని ధూమ్రముఖుణ్ణి మంత్రిని చేశాడు.

అప్పటినుంచి అమావాస్య అమావాస్యకీ మధ్యాహ్నం పూట దండోరా వేసే పోలన్న డప్పు వేసుకుని వీధుల్లోకి వచ్చేవాడు. "వినండహో. నేటినుంచి పన్ను అనే మాట లేదు. కానుక అనాలహో." మరుసటి అమావాస్యకి చెరసాల పోయి చల్లని మందిరం వచ్చింది. కరవు పోయి తేలిక కాలం వచ్చింది. తరవాత నొప్పి అనే మాట పోయింది. దాన్ని ఊరట అనాలి.

జనం నవ్వుకున్నారు. మాటే కదా, పోతే పోయిందన్నారు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. దండోరా వేసిన రోజు పొద్దు గుంకగానే ఆ మాట కోటలోని వాళ్లందరి నోటినుంచీ, ఆ వెంటనే బుర్రలోనుంచీ పోయేది. డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునే వీలు లేకుండా పోయేది. రాజుకు పక్కలో బాధ మొదలయ్యేసరికి దాన్నేమనాలో ఆయనకే తెలియలేదు. తెలియక, నేర్పిన మాటే అన్నాడు. ఆ మాట విని వైద్యుడు రోజూ నొక్కుతూ వచ్చాడు. రాజు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. ఆయన పోతే సింహాసనం ఎక్కుదామని ధూమ్రముఖుడు చూస్తున్నాడు. చావుకు పెట్టాల్సిన కొత్త పేరు కూడా ఆలోచించి ఉంచుకున్నాడు.

రాజుగారి ఒక్కగానొక్క కొడుకు ఉదయసేనుడు. తండ్రి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండేవాడు. వైద్యుడి కూతురు నాగమల్లి కషాయం పట్టుకొచ్చేది.

"నాన్నగారికి ఇంత ఊరటగా ఉంటే ఎందుకిలా అయిపోతున్నారో," అన్నాడు ఒకనాడు. ఎందుకు అనే మాట అప్పటికింకా ఉంది. దాని వంతు పై అమావాస్యకి వచ్చింది.

"మీరు ఆయన మాట వింటున్నారు, మొహం చూడటం లేదు," అంది నాగమల్లి. "నోరొకటి చెబుతోంది, మొహమొకటి చెబుతోంది. నడుమ ఏదో పోయింది. పోయినదాన్ని వెతకాలిగాని, విసురుతూ కూర్చుంటే చేతులు లాగడం తప్ప ఏం లాభం?"

"ఎక్కడ వెతకను?"

"కోటలో ఉంటే మా నాన్నకి కనపడేదే. బయట వెతకండి." అని ఇంత పెరుగన్నం మూట కట్టి ఇచ్చింది. "గిన్నె తిరిగి తేవాలి. అది మా అమ్మది."

ఉదయసేనుడు తండ్రిని విడిచి కోట దాటేలోగానే రెండు అమావాస్యలు వచ్చిపోయాయి. ఎందుకు అనే మాట పోయింది. వద్దు అనే మాటా పోయింది. ఏం వెతుకుతున్నాడో తెలియకుండానే, నాగమల్లి ఆ పొద్దున మళ్లీ నింపి ఇచ్చిన గిన్నె మాత్రం భద్రంగా పట్టుకుని బయటికి నడిచాడు.

కోటగోడ కింద ఒక తూము ఉంది. ఊళ్లోని వాడుక నీళ్లు అందులోంచి అగడ్తలోకి పోతాయి. ఆ నీళ్లలో ఒక చీమ కొట్టుకుపోతుంటే ఉదయసేనుడు ఆకు వేసి పైకి తీశాడు.

"మేలు చేశావు బాబూ," అంది చీమ. "కాలు నొప్పిగా ఉంది, కాసేపు కూర్చుంటాను."

ఉదయసేనుడు చీమ మీదికి వంగాడు. "ఏమన్నావు? మళ్లీ అను."

"నొప్పి. ఇక్కడ, వెనక కాల్లో. నీకెప్పుడూ రాలేదా?"

వచ్చింది. పంటినొప్పి, గుర్రం మీదినుంచి పడ్డ నొప్పి, తల్లి పోయిన నొప్పి, అన్నీ ఒక్కసారి పేరుతో గుర్తొచ్చాయి. నొప్పి, నొప్పి అనుకుంటూ కోట గుమ్మానికి పరుగెత్తాడు. గడప దాటగానే నోట్లో మాట లేదు. వెనక్కి వచ్చి చీమనడిగి మళ్లీ పరుగెత్తాడు. మళ్లీ పోయింది. మూడోసారి కావలివాడు అడిగాడు, "యువరాజా, లోపలికొస్తారా, బయటికి పోతారా? ఏదో ఒకటైతే తలుపు వేసుకుంటాను."

"ఈ మాట నీకెవరు నేర్పారు?" అని ఉదయసేనుడు చీమనడిగాడు.

"తూములోంచి వినిపించింది. ఎవరో లోపల కూర్చుని పొద్దు గుంకేదాకా అంటూనే ఉన్నారు. ఎవరో తెలియదు."

కొంచెం దూరంలో ఒక నక్క ఆకలితో పడి ఉంది. ఉదయసేనుడు పెరుగన్నం పెట్టాడు. నక్క తిని, గిన్నె నాకి, మూతి తుడుచుకుంది.

"ఎందుకు పెట్టావు?" అంది.

ఎందుకు. ఆ మాట వినగానే ఉదయసేనుడి బుర్రలో మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. మాటలెందుకు పోతున్నాయి? నాన్న ఎందుకు చిక్కిపోతున్నాడు? ధాన్యం కొట్టు తాళాలు మంత్రి మొలలో ఎందుకున్నాయి?

"నక్కమామా, ఇదెవరు నేర్పారు నీకు?"

"తూములోంచి వినిపించింది. ఎవరో తెలియదు. కానీ ఇంకొకటి తెలుసు. మీ మంత్రి ఈ దారినే పులితోలు మీద ఎగిరి వెళ్తాడు. పోబోయే మాట జామపండై వాడి చేతిలో ఉంటుంది. ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలక ఉంది. వాడి ప్రాణం దాన్లో ఉంది. అది పండు మింగితేనే మీరు మాట మరిచిపోతారు."

అగడ్త గట్టున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తోంది. ఉదయసేనుడు దాన్ని తిరగేశాడు. దాని బరువెంతో చూద్దామని ఇంకా ఎత్తబోయాడు.

"వద్దు," అంది తాబేలు.

ఉదయసేనుడు దించేశాడు. ఆ మాటకు అంత బలం ఉందని మరిచిపోయాడు. ఎవరు నేర్పారని అడగబోయి నవ్వాడు.

"తూములోంచేనా?"

"తూములోంచే. ఎవరో తెలియదు. ఎక్కు, సముద్రాలు నాకు తెలిసినవే."

అగడ్తలోంచి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రంలోకి వెళ్లారు. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు వంకరటింకరగా ఈదింది. నెయ్యి, పెరుగు, పాల సముద్రాలు దాటారు. మంచినీళ్ల సముద్రం కూడా దాటి దీవి చేరారు.

దీవి మీద ఒకే ఒక్క చెట్టు, చెట్టుకు బంగారు పంజరం, పంజరంలో చిలక. మింగిన మాటల బరువుకి దాని పొట్ట నేలకు ఆనుతోంది. ఉదయసేనుడు పంజరం తెరిచాడు. మెడ పట్టుకున్నాడు. ఇంకాస్త బిగిస్తే పని అయిపోతుంది.

"చిత్తం ప్రభూ," అంది చిలక గుడ్లు తేలేసి. "చాలా ఊరటగా ఉంది."

ఉదయసేనుడి వేళ్లు వదులయ్యాయి. అది వాళ్ల నాన్న మాట. వాళ్ల నాన్న మొహమూ అదే.

"నొప్పిగా ఉందా?" అన్నాడు మెల్లగా.

చిలక తల వంచి ఆలోచించింది. ఆ మాట దాని కడుపులోనే ఉంది, ఎవరూ అడగలేదంతే. "నొప్పి," అంది. "నొప్పిగా ఉంది." అంటుండగానే పొట్టలోంచి ఒక పండు తగ్గింది.

"ఈ పళ్లన్నీ ఎందుకు మింగుతున్నావు?"

"ఎందుకు," అంది చిలక. "ఎందుకు? ఎందుకు మింగుతున్నాను?" ఇంకొకటి తగ్గింది.

అప్పుడు ఆకాశంలో పులితోలు కనిపించింది. ఉదయసేనుడు చెట్టు చాటుకు తప్పుకున్నాడు. ఆ రోజు అమావాస్య. మధ్యాహ్నమే పొన్నగిరిలో దండోరా పడింది. ధూమ్రముఖుడి చేతిలోని పండు, కొడుకు అనే మాట. అది చిలక కడుపులో పడితే వీరబాహుకు కొడుకంటూ ఉండడు. ఉదయసేనుడు ఎన్ని సముద్రాలు దాటి వచ్చినా గుమ్మంలో ఎవరు నువ్వు అంటారు.

"నోరు తెరువు," అన్నాడు ధూమ్రముఖుడు. పొద్దు అంచుకు వచ్చింది.

చిలక నోరు తెరవలేదు. చెట్టు చాటునుంచి ఉదయసేనుడు అడిగాడు, "చిలకా, నీకు కావాలా అది?"

ఆ ప్రశ్న దాన్ని పుట్టాక ఎవరూ అడగలేదు. చిలక పండు వంక చూసింది, మాంత్రికుడి వంక చూసింది.

"వద్దు," అంది.

"ఏమిటీ?" అన్నాడు ధూమ్రముఖుడు. తన మొహాన ఎవరైనా ఆ మాట అని చాలా ఏళ్లయింది. అర్థం కాలేదు.

"వద్దు," అంది చిలక మళ్లీ. ఇంకోసారి అనేటప్పటికి పొద్దు గుంకింది. చేతిలో పండు కుళ్లి జారిపోయింది. చిలక మింగుతున్నంత కాలమే వాడి ప్రాణం. ధూమ్రముఖుడు ఎండిన బెరడులా చీలి, గాలికి లేచిపోయాడు. చిలక నోట్లోంచి మాటలు బారులు తీరి పొన్నగిరి వైపు ఎగిరిపోయాయి. తేలికపడ్డ చిలక రెక్కలు విప్పి చూసుకుంది.

"మేలు చేశావు," అంది.

"నువ్వే చేశావు. నేను మెడ పట్టుకున్నవాణ్ణి," అన్నాడు ఉదయసేనుడు.

ఆ మాటల వెంటే తాబేలు మీద తిరిగొచ్చి అతను గుమ్మం చేరేసరికి తండ్రి మాట బయటికి వినిపిస్తోంది. "నొప్పి ఆచార్యా. ఇక్కడ, పక్కటెముకల కింద. అన్నం తిన్నాక ఎక్కువ. మీరు నొక్కితే ఇంకా ఎక్కువ. దయచేసి నొక్కకండి."

వైద్యుడు చేతులు వెనక్కి తీసుకుని ఏడ్చాడు. మూడు రకాల ఆకులు నూరి మూడు పూటలా ఇచ్చాడు. రాజు లేచి కూర్చున్నాడు. ఊళ్లో కొన్నాళ్లు ఎక్కడ చూసినా నొప్పుల కబుర్లే. మోకాలని ఒకరు, నడుమని ఒకరు, పన్నని ఒకరు. చెప్పుకుని అందరూ హాయిగా ఊపిరి తీసుకున్నారు. ఒక ముసలాయన భార్య వడ్డించబోయిన గుమ్మడికాయ కూర వద్దన్నాడు. ఆవిడ, "ఇన్నేళ్లూ చెప్పరే," అని నవ్వింది. చెరసాలకు మళ్లీ చెరసాల అని పేరు వచ్చేసరికి, అందులో ఉండాల్సినవాళ్లెవరో ఉండకూడనివాళ్లెవరో తేల్చి తలుపులు తీశారు.

పోలన్నను మాత్రం ఎవరూ ఆదరంగా పలకరించలేదు. "మా మాటలన్నీ డప్పుకొట్టి పట్టుకెళ్లావు కదరా," అన్నారు. ఆయన డప్పు అటక మీద పెట్టేశాడు.

నాగమల్లి గిన్నె అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సొట్ట పడింది," అంది.

"నక్క నాకింది."

"నక్క నాకితే సొట్ట పడుతుందా?"

"తాబేలు మీద దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. సరే, తప్పు నాదే. పెళ్లి చేసుకుంటావా?"

"అడిగారు కాబట్టి చేసుకుంటాను," అంది నాగమల్లి.

పెళ్లికి చీమ వచ్చింది, నక్క వచ్చింది, తాబేలు వచ్చింది, చిలక పందిరి మీద కూర్చుంది. ఉదయసేనుడు ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టాడు. ఇంకొకరికి పెట్టాల్సింది మిగిలిపోయింది, ఎవరో తెలియదు. అందుకని తూము దగ్గర ఒక విస్తరి వేసి, అన్నీ వడ్డించి, పక్కన దీపం పెట్టి వచ్చారు. సాయంత్రం చూస్తే విస్తరి ఖాళీ. నక్క తిని ఉంటుందనుకున్నారు. కానీ విస్తరి చక్కగా మడిచి ఉంది. నక్కలు విస్తరి మడవవు.

ఉదయసేనుడు, నాగమల్లి పొన్నగిరిని చాలా కాలం ఏలారు. ఎవరికి ఎక్కడ నొప్పో వింటూ, ఎందుకని అడిగితే జవాబు చెబుతూ, వద్దంటే ఆగుతూ ఏలారు. వాళ్ల పిల్లలూ అలాగే ఏలారు.

పెళ్లయిన కొన్ని రోజులకు, తూము దగ్గర బట్టలుతికే ఎల్లమ్మ నాగమల్లితో మాటల సందర్భంలో ఒక సంగతి చెప్పింది. దండోరా వేసిన ప్రతి రోజూ పోలన్న ఇంటికి పోకుండా నేరుగా అక్కడికి వచ్చేవాడట. డప్పు పక్కన పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, తూముకు నోరు ఆనించి, పొద్దు గుంకేదాకా ఆ రోజు పోబోయే మాటనే అంటూ ఉండేవాడట.