పేరంటాలు సర్దిన పురిటి సంచి

బొప్పాయిలంకలో పేరంటాలు ఇంటికి ఉన్నంత తెలివి మరే ఇంటికీ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. పేరంటాలే అంటుంది, రోజూ అంటుంది.

"ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మధ్యలో ఆలోచించే పాడలవాటు మా ఇంటా వంటా లేదు" అని వీధి అరుగు మీద కూర్చుని గర్వంగా చెప్పుకుంటుంది. పక్కన మొగుడు నూకరాజు తల ఊపుతాడు. కొడుకు బుల్లబ్బాయి నాన్నని చూసి తల ఊపుతాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఈ ఇంట్లో వాళ్ళు తాడు పట్టుకెళ్ళి, దూడ కనిపించలేదని ఎద్దునే కోప్పడతారు.

అలాంటి ఇంటికి కూతురు మాణిక్యం తొలిచూలు పురిటికి వచ్చింది. అల్లుడు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉద్యోగం, పురుడు కాగానే వస్తానన్నాడు. కూతుర్ని చూసిన రోజు నుంచీ పేరంటాలుకి కంటి మీద కునుకు లేదు. దానికో కారణముంది. బుల్లబ్బాయి పుట్టినప్పుడు ఎడ్లబండిలోనే కాన్పయిపోయింది. బిడ్డని చుట్టడానికి జానెడు గుడ్డ లేదు. ఎరువుల బస్తా దులిపి అందులో చుట్టారు. వానలో తడుస్తూ, ఆ బస్తాలో ఏడుస్తున్న పసిగుడ్డుని గుండెకి అదుముకుని తనూ ఏడ్చింది. బుల్లబ్బాయి ఇంత ఏపుగా ఎదగడానికి ఆ బస్తాయే కారణమని నూకరాజు అంటాడు గానీ, పేరంటాలుకి ఆ దుఃఖం ఇప్పటికీ తీరలేదు. తన కూతురి బిడ్డకి మాత్రం ఆ గతి పట్టకూడదు. అదొక్కటే ఆవిడ కోరిక.

ఓ రోజు పొద్దున్నే ఆసుపత్రి నర్సమ్మ ఎస్తేరు వచ్చి మాణిక్యాన్ని చూసింది.

"ఇంక ఏ రోజైనా నొప్పులు రావచ్చు పేరంటాలమ్మా. అవసరమైనవన్నీ ఒక సంచిలో సర్దుకోండి. బిడ్డని చుట్టడానికి పెద్దవాళ్ళు కట్టిన పాత మెత్తటి పంచె పెట్టండి, కొత్త బట్టలొద్దు. సంచి ఎప్పుడూ అమ్మాయి చేతికి అందేట్టు ఉండాలి. సర్దాక ఊరికే విప్పకండి. నొప్పులు మొదలవగానే సంచి తీసుకుని ఒక్క క్షణం ఆగకుండా వచ్చెయ్యండి. తోడు ఒక్కళ్ళే రావాలి, జాతరలా రాకండి."

"ఆయ్! అక్షరం పొల్లు పోనివ్వం" అంది పేరంటాలు. నర్సమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది. పాపం, ఆ మాట ఎంత నిజమో ఆవిడకి అప్పుడు తెలీదు.

అంతే, సర్దుడు మొదలైంది.

"అవసరమైనవన్నీ అంది. ఇంట్లో ఏవేం అవసరం?" అని అడిగింది పేరంటాలు.

నూకరాజు ఇల్లంతా కలయచూశాడు. "అన్నం గిన్నె అవసరమే కదా?"

"లేకపోతే వండేదెందులో?"

"కత్తిపీట?"

"అది లేకపోతే కూరేదీ?"

ఇంకేముంది! గిన్నెలు, గరిటెలు, కత్తిపీట, చాకు, పొయ్యి, రోకలి, నూకరాజు కళ్ళజోడు, బుల్లబ్బాయి చెప్పులు, అన్నీ ఒక్కొక్కటే సంచిలోకి నడిచాయి. సంచి పట్టలేదు. రెండో సంచి తీద్దామన్నాడు బుల్లబ్బాయి. "ఒక సంచిలో అంది నర్సమ్మ. నీకు ఒకటికీ రెండుకీ తేడా తెలీదేంట్రా?" అని తల్లి మందలించింది. అంచేత గోనె సంచులు నాలుగు విప్పి, ఒకదానికొకటి అతికి, ఒకే ఒక్క సంచి కుట్టారు. అందులో బుల్లబ్బాయి నిలబడితే తల మాత్రం పైకి కనిపించింది. అన్నీ వేసి, ఊరికే విప్పకుండా మూతిని దబ్బనంతో గట్టిగా కుట్టేశారు. దబ్బనం కూడా అవసరమైనదేగా? ఆఖరి కుట్టు వేసి, సందులోంచి దాన్ని కూడా లోపలికి తోసేశారు.

"పాత పంచె?" అన్నాడు నూకరాజు.

పేరంటాలు గుండె జారింది. అసలు సంగతే మరిచిపోయింది! అయినా తెలివిగల మనిషి కనక తేరుకుని, అందరికంటే పెద్దవాడు గవర్రాజు తాత దగ్గరికి పరిగెత్తింది. ఆయన నూకరాజుకి పెదనాన్న. చెవులు సగమే పనిచేస్తాయి, ఆకలి మాత్రం పూర్తిగా పనిచేస్తుంది.

"మావయ్యా, నీ పాత పంచె కావాలి. మనవరాలి పురిటికి."

"పాతది కట్టుకునే ఉన్నానమ్మా. పెట్టెలోవన్నీ కొత్తవి. ఇది విడిచాక ఇస్తాలే."

"ఎప్పుడు విడుస్తావు?"

"శనివారం తలంటుకి."

పేరంటాలు ఆలోచనలో పడింది. శనివారం లోపలే నొప్పులొస్తే? బిడ్డ శనివారం దాకా ఆగుతుందా? పంచె ఇప్పుడే కావాలి. పంచె తాత మీద ఉంది. అయితే చిక్కేముంది! తాతని పంచెతో సహా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సంచి పక్కన కూర్చోబెట్టింది. "నీకు ఇక్కడే భోజనం మావయ్యా" అనగానే ఆయన మరో మాట అడగలేదు.

"తాత సంచిలో వస్తువేనా అమ్మా?" అన్నాడు బుల్లబ్బాయి.

"వస్తువే. కుట్టేశాం గనక బయట ఉన్నాడంతే."

ఆ రోజు నుంచి ఆ ఇంటి ముచ్చట చూడాలి. సంచి మాణిక్యం చేతికి అందేట్టు ఉండాలి కదా! మాణిక్యం పెరట్లోకి వెళితే బుల్లబ్బాయి సంచిని ఈడ్చుకుంటూ వెనకాల. సంచి వెనకాల తాత. తాత వెనకాల కళ్ళజోడు లేని నూకరాజు, గోడలు తడుముకుంటూ. మాణిక్యం నడుస్తూ నడుస్తూ చెయ్యి చాపి సంచి ముట్టుకుని, "అందింది నాన్నా" అనేది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. తమ తెలివి చూసి నేర్చుకుంటున్నారని పేరంటాలు మురిసిపోయేది.

వండుకోవడానికి గిన్నె లేదు, పొయ్యి లేదు. పక్కింటి వరాలమ్మ జాలిపడి విస్తళ్ళలో ఇంత అన్నం పెట్టేది. పొద్దున్నే చిన్న వ్యానులో పాలు పోసే సూరన్న వస్తే, అందరూ వరసగా నిలబడి దోసిళ్ళు పట్టేవారు. "గిన్నె తెచ్చుకోండమ్మా" అంటే, "సంచి విప్పకూడదు సూరన్నా. నువ్వు ఇచ్చింది కాదనకుండా తీసుకుంటున్నాంగా, పోసెయ్యి" అనేది పేరంటాలు.

ఓ రోజు తెల్లవారాక మాణిక్యం నడుం పట్టుకుని, "అమ్మా... నొప్పి" అంది.

అంతే! "సంచీ!" అని అరిచింది పేరంటాలు. బుల్లబ్బాయి తోపుడు బండి లాక్కొచ్చాడు. ముగ్గురూ కలిసి సంచిని దొర్లించి బండెక్కించారు. దాని మీద తాతని కూర్చోబెట్టారు. ఒక్క క్షణం ఆగొద్దంది కదా నర్సమ్మ! కాలవ గట్టు పట్టుకుని ఒకటే పరుగు. వెనక నుంచి మాణిక్యం ఏదో అంటోంది. ఆగితే క్షణం పోతుందని పేరంటాలు వెనక్కి కూడా చూడలేదు.

ఆసుపత్రి గుమ్మంలో ఎస్తేరు ఎదురొచ్చింది. చెమటలు కక్కుతూ పేరంటాలు నవ్వింది.

"వచ్చేశామమ్మా. ఒక్క క్షణం ఆగలేదు."

"మంచిపని చేశారు. మాణిక్యం ఏది?"

"ఇంటి దగ్గరుంది."

"ఇంటి దగ్గరా?"

"నొప్పులొస్తున్నాయమ్మా, ఎక్కడికని తిప్పుతాం? మీరు చెప్పిన సంచి మాత్రం జాగ్రత్తగా తెచ్చేశాం."

ఎస్తేరు గోడ పట్టుకుంది. "పేరంటాలమ్మా, పుట్టేది సంచిలోంచి కాదు!"

అప్పుడు పేరంటాలుకి ఎడ్లబండి గుర్తొచ్చింది. వాన గుర్తొచ్చింది. అక్కడ పిల్ల ఒంటరిగా ఉంది, గుడ్డ ఇక్కడుంది! మళ్ళీ బండి తిప్పారు. సంచి పిల్ల చేతికి అందేట్టు ఉండాలి కదా, దాన్నీ తోసుకుంటూ, తాతనీ తోసుకుంటూ గట్టు మీద వెనక్కి పరుగు.

ఇంటికొచ్చి చూస్తే మాణిక్యం లేదు.

"సూరన్న వ్యానెక్కి తారురోడ్డు మీద ఆసుపత్రికి వెళ్ళిపోయిందిగా!" అంది వరాలమ్మ.

"సంచి లేకుండానా?" అని పేరంటాలు బావురుమంది. మళ్ళీ గట్టు. మళ్ళీ పరుగు. బండి మీద తాత హాయిగా నిద్రపోయాడు.

ఈసారి ఆసుపత్రి మెట్లెక్కుతుంటేనే లోపల నుంచి కెవ్వున ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. మంచం మీద మాణిక్యం అలసటగా నవ్వింది.

"సంచి చేతికి అందడం లేదమ్మా. అందుకని దాని వెనకే వచ్చేశాను."

"నా తల్లే! ఎంత తెలివి!" అని పేరంటాలు కూతురి నుదురు నిమిరింది.

"బిడ్డని చుట్టాలి. పాత పంచె తియ్యండి, త్వరగా" అంది ఎస్తేరు. ఆవిడ చూస్తుండగానే గవర్రాజు తాతని నడిపించుకుంటూ లోపలికి తెచ్చారు.

"తోడు ఒక్కళ్ళే అన్నానా? ఈ పెద్దాయనెవరు?"

"తోడు నేనొక్కదాన్నేనమ్మా. ఈయన మనిషి లెక్క కాదు, గుడ్డ."

"ఆయన కట్టుకున్న పంచెలోనా చుట్టేది! సంచి కోసి వేరే గుడ్డేదైనా తియ్యండి!"

"కొయ్యచ్చు. చాకు సంచిలో ఉంది."

ఎస్తేరు ఆసుపత్రి తువ్వాలు తేవడానికి అలమరా వైపు తిరిగి వచ్చేసరికి, తాత మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. బారెడు పంచె కొంగు ఆయన నడుం నుంచి మంచం మీదికి సాగింది. దాని చివర, మెత్తగా, వెచ్చగా, మునిమనవరాలు నిద్రపోతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఎస్తేరు ఆ తువ్వాలుతో తన మొహమే తుడుచుకుంది.

పేరంటాలు మాత్రం ఏడ్చింది. ఎరువుల బస్తా కాదు. పెద్దవాళ్ళు కట్టిన పాత నూలు పంచె. ఎన్నేళ్ళ దిగులో ఆ పూట తీరిపోయింది. బిడ్డ బుగ్గ మీద వేలు పెట్టి, "నీకు ఏ లోటూ రానివ్వను తల్లీ" అంది.

రెండు రోజులు గడిచాయి. తాత లేస్తే బిడ్డ లేస్తుంది, బిడ్డ ఏడిస్తే తాత ఊగుతాడు. మూడో రోజు పొద్దున్నే ఎస్తేరు వచ్చి, మరో కాన్పు హడావిడిలో ఉండి, నిలబడే చెప్పింది.

"ఇంక ఇంటికి వెళ్ళచ్చు. మీరు తెచ్చినవన్నీ చూసుకుని జాగ్రత్తగా తీసుకెళ్ళండి. ఆసుపత్రివి మాత్రం పొరపాటున కూడా పట్టుకెళ్ళకండి."

ఆవిడ అటు వెళ్ళగానే పేరంటాలు లెక్క చూసింది. "సంచి?"

"మనమే తెచ్చాం" అన్నాడు నూకరాజు.

"మావయ్య?"

"మనమే తెచ్చాం."

"మాణిక్యం?"

"సూరన్న తెచ్చాడు" అంది మాణిక్యం నిజాయితీగా.

పేరంటాలు పంచె కొంగు వైపు చూసింది. "బిడ్డ?"

"ఇక్కడే పుట్టింది కదా. ఆసుపత్రిదే" అన్నాడు బుల్లబ్బాయి.

న్యాయం న్యాయమే. కన్నీళ్ళు కారుతుంటే పేరంటాలు పంచె కొంగు మెల్లగా విప్పింది. అయినా పరాయి సొమ్ము పట్టుకెళ్ళే వంశం కాదు వాళ్ళది. బిడ్డని ఆసుపత్రి తువ్వాలులో చుట్టి, ముద్దు పెట్టి, మాణిక్యం ఒళ్ళో పెట్టింది.

"నేను సూరన్న వచ్చేదాకా కూర్చుంటానమ్మా. నన్ను తెచ్చినవాడు ఆయనేగా" అంది మాణిక్యం.

సంచితో, తాతతో ఇల్లు చేరారు. వరాలమ్మ ఎదురొచ్చింది. "ఏం పుట్టింది వదినా?"

"ఆడపిల్ల. బంగారు బొమ్మలా ఉంది."

"ఏదీ?"

"ఆసుపత్రిలోనే ఉంది. మేం అలా ఎత్తుకొచ్చే రకం కాదు" అని పేరంటాలు కొంగుతో కళ్ళొత్తుకుని అరుగు మీద కూలబడింది. ఇంట్లో ఉయ్యాల కట్టాలని కొన్న తాడు వైపు చూడలేకపోయింది. వరాలమ్మ ఇంకేదో అడగబోయేసరికి వీధి చివర వ్యాను చప్పుడైంది.

సూరన్న వ్యాను అరుగు ముందు ఆగింది. పాల క్యానుల పక్కన మాణిక్యం, ఆవిడ ఒళ్ళో తువ్వాలు మూట.

"ఆసుపత్రిలో పాలు పోద్దామని వెళితే మీ అమ్మాయి గుమ్మంలో కూర్చునుంది. నర్సమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ నా వ్యానెక్కించింది. ఈ తువ్వాలు కూడా మీకే ఉంచెయ్యమంది. ఇదిగో, పట్టండి" అని బిడ్డని ఎత్తి చాపాడు.

పేరంటాలు దిగ్గున లేచింది. గుండెలో పట్టలేని సంతోషం పొంగింది. సూరన్న ఇచ్చేది ఎప్పుడైనా కాదన్నారా? ఆయన ఇంటికి తెచ్చి ఇచ్చింది తీసుకోవడం దొంగతనం కాదు కదా! అలవాటుగా నలుగురూ వరసగా నిలబడి దోసిళ్ళు పట్టారు. దోసిలిలో పట్టదని పేరంటాలుకే ముందు తట్టింది.

"మావయ్యా, పంచె పట్టు!"

తాత కొంగు చాపాడు. బిడ్డ మళ్ళీ పంచెలోకి వచ్చింది, ఆవలించింది. పేరంటాలు బిడ్డ పాదాలు కళ్ళకద్దుకుని, కన్నీళ్ళలోనే నవ్వుతూ సూరన్నకి దండం పెట్టింది. ఆయన బండి కదిలించబోతుంటే ఏదో గుర్తొచ్చి గబగబా వెనకాల పరిగెత్తింది.

"సూరన్నా, సూరన్నా! రేపట్నుంచి మాత్రం పాలే తీసుకురా. రోజుకొకటంటే మేం పెంచలేం!"