దివానుగారి బిరుదు, తెరుచుకోని కొట్టు

రాజ్యం పాతదే గానీ ధాన్యపు కొట్టులో కంప్యూటర్ ఉండేది. రాజుగారు ‘రాజ్యమార్తాండ’ బిరుదివ్వగానే దివానుగారు పొంగిపోయి, ఆ కంప్యూటర్ పేరు తీసేసి తన బిరుదు పెట్టేశాడు.

మర్నాడు బియ్యం లెక్కల డేటాబేస్ తెరుచుకోలేదు. ‘రాజ్యమార్తాండ అనే కంప్యూటర్ కనబడలేదు’ అంది తెర. బయట ఖాళీ సంచులతో జనం.

“నా బిరుదే ఎరగదా? సాయంత్రంలోగా తెరవకపోతే నీకు కొరడా దెబ్బలే!” అని దివాను ఆపరేటర్ పైడితల్లి మీద విరుచుకుపడ్డాడు.

‘తప్పు మీదే’ అంటే దెబ్బలు ఇప్పుడే పడతాయని ఆమెకు తెలుసు. “దొరా, ఒక్కసారి మీ ఇంటి తలుపు తట్టి, బిరుదు మాత్రమే చెప్పి చూడండి” అంది పైడితల్లి.

ఆయన ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి తట్టాడు. “రాజ్యమార్తాండను వచ్చాను!”

“అలాంటోళ్లెవరూ ఇక్కడ లేరు, పో!” అన్నాడు లోపలి కాపలావాడు.

“ఓరి వెధవా, ఆ పేరు నాదేరా, మీ దివానుని!”

“ఆ ముక్క ముందే చెప్పొద్దా దొరా?” తలుపు తెరుచుకుంది.

“మన కంప్యూటర్‌కీ ఆ ముక్క ఎవరూ చెప్పలేదు దొరా. తనకే పెట్టిన పేరని తెలీక లోకమంతా వెతుకుతోంది” అంది పైడితల్లి.

కొట్టుకి తిరిగొచ్చి, ‘ఆ పేరంటే నువ్వే’ అని కంప్యూటర్‌లో ఒక్క లైను రాసింది. డేటాబేస్ తెరుచుకుంది, సంచులు నిండాయి. పైడితల్లి హమ్మయ్య అనుకుని వీపు తడుముకుంది.

రాజుగారు మరో బిరుదిచ్చినప్పుడు దివాను ఆ సంగతి ముందు కాపలావాడికీ పైడితల్లికీ చెప్పాడు. భార్యకి ఆ తర్వాతే.