కొండ చివరి ముక్కే ఎందుకు తిరిగిస్తుంది?

ఒకప్పుడు కొండలకి మతిమరుపు లేదు.

విన్న ప్రతి మాటనీ కొండ కడుపులో దాచుకునేది. ఎవరైనా అడిగితే మొదటి మాట నుంచి వరసగా, ఎవరి మాట వాళ్ల గొంతుతోనే, అవతలి పక్కకి కూడా వినపడేలా చెప్పేది. ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ పోదు. అలాంటిది నాకొకటి దొరికితే పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి!

ఇదంతా పరీక్షలో మాత్రం రాయకండి. సైన్సు మాస్టారు సున్నా వేస్తే నాకు సంబంధం లేదు.

అలాంటి ఒక కొండ కింద ఈరన్న అనే మేకల కాపరి ఉండేవాడు. కొత్త ఉపాయమంటే చెవి కోసుకునేవాడు. గాలికి దానంతటదే మోగే వెదురు గంట చేశాడు, నక్కలు రాకుండా. టోపీకి తాటాకు గొడుగు అతికించాడు. గట్టిగా గాలొస్తే టోపీతోపాటు ఈరన్న కూడా ఎగిరిపోయేంత పనయ్యేది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది" అని నవ్వేది ఆయన పెళ్లాం మారెక్క.

ఈరన్న వాళ్లమ్మ సుంకులమ్మ బతికున్నప్పుడు ఆ కొండ మీద మేకల్ని పేరుపేరునా పిలుస్తూ ఒక పాట పాడేది. ఆమె పోయాక ఒకరోజు ఈరన్నకి బాగా దిగులేసింది.

"ఏమప్పా కొండా, మాయమ్మ పాట నీకు గుర్తుండాదా?" అని అడిగాడు.

కొండ పాట మొత్తం పాడింది, సుంకులమ్మ గొంతుతోనే. ఈరన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అరె, అట్లయితే నా మాట కూడా మారెక్కకి చెప్తావు గదా!" అన్నాడు. చూశారా, ఏడుపులో కూడా ఉపాయమే!

మర్నాడు పొద్దున్నే ఈరన్న కొండకి ఇవతల నిలబడి, "మారెక్కా, మధ్యాన్నం సంగటి తీసుకోని చింతమాను కాడికి రా" అని చెప్పి మేకల్ని తోలుకుపోయాడు. ముందే అనుకున్నట్టు మారెక్క అవతలి పక్క నుంచి కొండని అడిగింది. కొండ ముందు అత్త పాట పాడి, తర్వాత మొగుడి కబురు చెప్పింది. సంగటి వేడివేడిగా అందింది.

ఇంకేముంది, ఊరంతా ఎగబడ్డారు. ఉప్పు తెమ్మని ఒకరు, ఉప్పు తెచ్చానని ఒకరు. తర్వాతి పోట్లాటకి పనికొస్తుందని పాత పోట్లాట దాచుకున్నవాళ్లూ ఉన్నారు. దగ్గులూ ఆవలింతలూ కూడా కొండ కడుపులోకే పోయాయి. నవ్వకండి. మీ ఇంట్లో ఫోన్ తెరిచి, ఒక్క దోసెకి ఎన్ని ఫోటోలున్నాయో చూడండి.

పాపం, కొండకి కడుపుబ్బరం పట్టుకుంది.

"ఈరన్నా, ఊపిరాడ్డం లేదప్పా. పారేయనా?" అని అడిగింది.

"ఏమేం పారేస్తావు?"

"నాకు ఏరడం రాదు. చెప్తే మొదటినుంచీ వరసగా చెప్తా. పారేస్తే మొత్తం పారేస్తా."

మొత్తమంటే అమ్మ పాట కూడా పోతుంది కదా!

"వద్దొద్దు! ఒక్క మాట కూడా పారేయాకు. ఎప్పుడు దేనికి పనికొస్తాదో" అన్నాడు ఈరన్న.

కొండ మూలుగుతూనే సరేనంది.

కొన్నాళ్లకి ఒకరోజు ఎండ ఫెళ్లున కాస్తోంది. మారెక్క కొండకి అవతల, ఎండిపోయిన వంకలో ఉంది. మేకలకి నీళ్లు పెట్టడానికి ఇసుకలో గుంట తవ్వుతోంది. ఇవతలి వాలు మీదున్న ఈరన్న ఎందుకో ఎగువకి చూశాడు. ఎక్కడో పైన పెద్ద వాన పడ్డట్టుంది. వంక నిండా ఎర్రటి నీళ్లు విరుచుకుపడుతున్నాయి. ఆ వంక కొండ చుట్టూ తిరిగి మారెక్క ఉన్నచోటికే పోతుంది.

పరిగెత్తినా అందుకోలేడు. అరిచినా అవతలికి వినపడదు.

"మారెక్కా! వంకలోంచి బయటికి రా!" అని కొండకేసి అరిచాడు. "చెప్పప్పా కొండా, చెప్పు!"

కొండ మాట తప్పే రకం కాదు. మొదటినుంచీ మొదలుపెట్టింది. సుంకులమ్మ పాట.

అవతల మారెక్కకి అత్త గొంతు వినపడింది. తవ్వడం ఆపేసి, హాయిగా ఇసుకలో చతికిలబడింది. మేకలూ చుట్టూ చేరాయి.

"పాట ఆపు! నా కేక చెప్పు!" అన్నాడు ఈరన్న.

"దాని వంతు రావాలంటే పొద్దుగూకుతాదప్పా. ముందు ఇవన్నీ ఉండాయి గదా."

నీళ్లు చెట్లని వేళ్లతో సహా పీక్కొస్తున్నాయి. ఈరన్న చెవుల్లో మోగుతున్నది అమ్మ గొంతు. ఇప్పుడు పోతే మళ్లీ దొరకదు.

"పారెయ్!" అని అరిచాడు. "అంతా పారెయ్!"

"మీయమ్మ పాట కూడానా?"

"పాట కూడా! పారెయ్!"

కొండ గట్టిగా ఒక్క దగ్గు దగ్గింది. ఉప్పూ పోట్లాటలూ ఆవలింతలూ పాటా అన్నీ బయటపడి గాల్లో కలిసిపోయాయి. ఈరన్న మళ్లీ గొంతు చించుకుని అరిచాడు. కొండ కంగారులో మాట మొత్తం పట్టుకోలేదు. చేతికందిన చివరి ముక్కనే అవతలికి విసిరేసింది.

"బయటికి రా... టికి రా... రా..."

మొగుడి గొంతులో వణుకు విని మారెక్క దిగ్గున లేచింది. కుండ అక్కడే వదిలేసి, మేకల్ని అదిలిస్తూ గట్టెక్కింది. ఆఖరి మేకపిల్ల గట్టు మీదికి దూకిందో లేదో, ఎర్రనీళ్లు వచ్చి కుండనీ గుంటనీ ఊడ్చుకుపోయాయి.

ఈరన్న రొప్పుతూ వచ్చేసరికి ఆమె మేకల మధ్య నిలబడి ఉంది.

"అత్త పాట మధ్యలో ఆగిపాయె, ఏమయ్యా?" అని అడిగింది.

ఈరన్న జరిగింది చెప్పాడు. "ఒక్కసారి అడిగి చూడు" అంది మారెక్క.

"కొండా, మాయమ్మ పాట ఉండాదా?"

"...ఉండాదా" అంది కొండ. అంతే.

ఈరన్న వెక్కివెక్కి ఏడ్చాడు. మారెక్క ఆయన చెయ్యి వదల్లేదు. వాళ్లని చూసి కొండ కూడా చాలా బాధపడింది. ఇక ఏ మాటనీ కడుపులో దాచుకోకూడదని ఒట్టు పెట్టుకుంది.

అప్పటినుంచే మనం ఎంత పొడుగు మాట అరిచినా, కొండ చివరి ముక్క పట్టుకుని అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తుంది. ఏ కేకలో ఎవరి ప్రాణం ఉందోనని కడుపు ఖాళీగా ఉంచుకుని వింటుంది.