కెజీయా కొన్న పంచదార

తబితకి ఒక్కటే బాధ. గురువారం స్త్రీల సభ ఉంది. బానిసత్వం పోవాలని కోరే ఆడవాళ్ళంతా కూడే సభ. అందులో లేచి మాట్లాడాలని ఆమె మూడేళ్ళుగా కాచుకుని ఉంది. ఎవరు మాట్లాడాలో తేల్చేది ఆమె గురువు కెజీయా. కెజీయా అవుననదు, కాదనదు.

ఇది నూట ఎనభై ఏళ్ళ కిందటి మాట, అమెరికాలో ఫిలడెల్ఫియా ఊరి మాట. కెజీయా క్రైస్తవుల్లో క్వేకరు శాఖ మనిషి. ఆ శాఖలో గారూ, మీరూ లేవు. చిన్నా పెద్దా ఒకరినొకరు పేరు పెట్టి నువ్వనే పిలుచుకుంటారు. బానిసలు పండించిన సరుకు ముట్టకూడదని వాళ్ళలో కొందరికి నియమం. పంచదార తినరు, నూలు బట్ట కట్టరు. కెజీయా ముప్పై ఏళ్ళుగా తినలేదు. అడిగితే తప్ప ఆ సంగతి చెప్పేది కాదు. తబిత ఆరేళ్ళుగా తినలేదు. ఆ సంగతి తెలియనివాళ్ళు ఆ వీధిలో లేరు.

నియమం మంచిదే, నేను కాదనను. కానీ కొందరి నిష్ఠ వాళ్ళ కంచంలో ఉండదు, పక్కవాళ్ళ కంచంలో ఉంటుంది. తబిత ఎవరింటికి వెళ్ళినా కుర్చీకంటే ముందు కప్పుల్లోకి చూసేది.

తబిత ఉండేది కెజీయా ఇంట్లోనే. సోమవారం పొద్దున ఆమె ఉండబట్టలేక అడిగేసింది. ఉపన్యాసమంతా కంఠతా వచ్చిందని చెప్పింది. "నాలో ఇంకా లోపమేముంది, కెజీయా?"

కెజీయా నోరు తెరిచేలోగా పెరటి తలుపు ఎవరో తట్టారు.

వచ్చినామె సెలెస్ట్. నలభై ఏళ్ళ నల్లజాతి మనిషి. దక్షిణాన లూసియానాలో చెరుకు తోట బానిస. ఓడలో పీపాల మధ్య నక్కి పారిపోయి వచ్చింది. అలా వచ్చినవాళ్ళని రెండు రోజులు దాచి కెనడా వైపు పంపించే ఇళ్ళలో కెజీయా ఇల్లొకటి. దొరికితే మళ్ళీ తోటకే.

కెజీయా రొట్టె పెట్టింది. తబిత టీ పోసింది. సెలెస్ట్ ఒక గుక్క తాగి, అడగనా వద్దా అన్నట్టు ఇద్దరి వైపూ చూసి, కాస్త పంచదార ఉంటుందా అని అడిగింది.

అంతే. తబితకి గురువారం మూడు రోజుల ముందే వచ్చేసింది. పంచదార ఈ గడప తొక్కదంది. ఒక్కో చెంచాలో ఎందరి నెత్తురుందో చెప్పింది. చెరుకు ఎలా నరికిస్తారో, రసం ఎలా కాయిస్తారో, ఆ తీపి నాలుక్కి తగిలించుకున్న ప్రతివాడూ కొరడా పట్టుకున్నవాడితో సమానమెలా అవుతాడో పూసగుచ్చినట్టు చెప్పింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చలున్న మనిషికి, పంచదార ఎలా తయారవుతుందో చెప్పింది.

"చిత్తం, అమ్మగారూ" అంది సెలెస్ట్.

కప్పు అవతలికి జరిపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

కెజీయా లేచి తలకి టోపీ కట్టుకుంది. తబితని తనతో రమ్మంది.

వీధి చివర ప్రూయిట్ కొట్టు. ముప్పై ఏళ్ళలో కెజీయా ఎక్కని మెట్టు అదొక్కటే. లోపల నలుగురు ఆడవాళ్ళున్నారు. గుమ్మం పక్కన కొత్త మనిషి ఒకడు చుట్ట కాలుస్తున్నాడు. ఈ మధ్య అలాంటి కొత్త మొహాలు ఊళ్ళో ఎక్కువయ్యాయి. పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టుకుపోవడానికి వస్తారని అందరికీ తెలుసు.

పంచదార ఇవ్వమంది కెజీయా. ఉన్నవాటిల్లోకి తెల్లనిది ఇవ్వమంది.

ప్రూయిట్‌కి పండగైంది. "ఏం కెజీయా గారూ, దేవుడు కల్లోకొచ్చి తీపి తినమన్నాడా? ఇన్నాళ్ళూ నా సరుకు నెత్తురన్నారే. ఇవాళ కడుక్కుని వచ్చిందా?"

కొట్లో నవ్వులు. ఆ నలుగురిలో ఇద్దరు గురువారం సభకి వచ్చేవాళ్ళే. వాళ్ళ చూపు కెజీయా మీది నుంచి తబిత మీదికి జరిగింది. తబితకి చెవులు కాలిపోయాయి.

"ఇది మాకు కాదు" అనేసింది. "మా ఇంట్లో ఉన్న..."

చుట్ట కాలుస్తున్నవాడు తల తిప్పాడు.

"ముసలిదానికి" అని కెజీయా తన గుండె మీద చెయ్యేసుకుని ఆ మాట పూర్తి చేసింది. "మా ఇంట్లో ఉన్న ముసలిదానికి, ప్రూయిట్. నోరు తీపడిగింది. ఏం చెయ్యను?"

నవ్వులు రెట్టింపయ్యాయి. ఆ కొత్తవాడు కూడా నవ్వి, మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ చూడకుండా గుడ్డలో చుట్టి ఇమ్మంటారా అని ప్రూయిట్ అడిగాడు. అక్కర్లేదంది కెజీయా. అప్పట్లో పంచదార గట్టి దిమ్మగా అమ్మేవాళ్ళు. ఆ దిమ్మని పసిపిల్లని ఎత్తుకున్నట్టు చేతిలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా నడివీధిలో నడిచింది.

కెజీయా అబద్ధమాడగా తబిత అంతకు ముందెన్నడూ వినలేదు. వెనక నాలుగడుగుల దూరంలో నడిచింది. మొదట గురువు పక్కన కనబడటం సిగ్గై దూరంగా నడిచింది. సగం దారిలో ఇంకో సంగతి తట్టింది. కొట్లో తను ఎవరిని కాపాడుకోబోయింది? దానికి ఎవరిని అమ్మెయ్యబోయింది? ఆ తర్వాత దగ్గరగా నడిచే ధైర్యం రాలేదు.

సెలెస్ట్ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. కెజీయా దిమ్మలోంచి ఒక ముక్క కొట్టి ఆమె చేతిలో పెట్టింది. సెలెస్ట్ దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా?" అంది. "మేం కాచింది నల్లగా బంకలా ఉండేది. పీపాలకెత్తి పంపించేసేవాళ్ళు. ఎక్కడికో, ఏమయ్యేదో మాకు తెలిసేది కాదు. ఇంత తెల్లగా అవుతుందా?"

చల్లారిన టీలోనే వేసుకుని తాగింది. కళ్ళు మూసుకుని తాగింది. తర్వాత తనే ఇంకో ముక్క తీసి, తబిత వైపు చెయ్యి చాపింది. "మీరూ వేసుకోండమ్మా. బావుంది."

తబిత గురువు వైపు చూసింది. కెజీయా వీపు తిప్పి పొయ్యి ఎగదోసుకుంటోంది.

తబిత తన కప్పు ముందుకు జరిపింది.

కప్పులు కడిగేటప్పుడు ఇద్దరే ఉన్నారు. కెజీయా తుడిచిన కప్పునే తుడుస్తూ, "గురువారం నువ్వు మాట్లాడు" అంది.

తబిత చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "ఏ మొహం పెట్టుకుని మాట్లాడను, కెజీయా?"

కెజీయా ఆమె వైపు తిరిగి చూసింది.

"ఈ మొహంతోనే" అంది.