సుక్కకు సుక్క

అనగనగా అంటే ఎప్పుడని అడగకండి. అది చెప్పే నాకూ తెలియదు, నాకు చెప్పిన మా ముసలమ్మకూ తెలియదు. ఒక రాజు గుట్ట మీద కోట కట్టించాడు. కట్టించాడంటే, కట్టమని నోటితో చెప్పాడు. రాళ్ళు మోసింది కింద ఊరివాళ్ళు. కోట పూర్తయ్యాక ద్వారం మీద రాజు పేరు చెక్కారు. మోసినవాళ్ళ పేరు ఒక్కటీ చెక్కలేదు.

ఆ ఊళ్ళో ఓదెలు అని పటాలు రాసే పేదవాడు ఉండేవాడు. గుడ్డకు చింతగింజల బంక, సుద్దమట్టి పట్టించి, దాని మీద రంగులతో దేవుళ్ళ కథలు రాసేవాడు. కథలు చెప్పేవాళ్ళు ఆ పటాలు ఊరూరా విప్పి చూపించేవారు.

ఒకరోజు కొంరవ్వ అనే ముసలిది వచ్చి అతని గడపలో కూలబడింది. ఆమెకు ఒక్కగానొక్క బిడ్డ, సుక్కమ్మ. కోటకు రాయి మోస్తుంటే అది మీద పడి చచ్చిపోయింది.

"కొడుకా ఓదెలూ, నా బిడ్డ మొఖం నాకు యాదికొస్తలేదురా. కండ్లు మూస్తే ఆ రాయే కనవడ్తది. దాని మొఖం రాసియ్యి. సచ్చేలోపు ఒక్కసారి సూసుకుంట."

ఓదెలు గుండె చెరువైంది. "రాస్త అవ్వా. సుక్కమ్మనే కాదు, రాళ్ళు మోసినోళ్ళందర్నీ రాస్త," అన్నాడు. మంచి మాటే. కానీ ఆ 'అందర్నీ' అన్నదే ముసలిదాని కొంప ముంచింది.

పటం మొదలైంది. ఊరి దొర వచ్చి, "మొదట్ల నన్ను గుర్రం మీద రాయి, గుడ్డంత నేనిస్త," అన్నాడు. "మోసినోళ్ళే ఉంటరు దొరా," అన్నాడు ఓదెలు. కోట కావలి పెద్ద వచ్చి, "కొరడా తీసెయ్యి," అని గద్దించాడు. "మోసినోళ్ళ ఈపు మీద ఉన్నదే రాసిన," అన్నాడు ఓదెలు. పెళ్ళాం బాలవ్వ వచ్చి, "పొయ్యిల పిల్లి లేస్తలేదు. దేవుండ్ల పటాలన్న రాయరాదయ్యా?" అంది. ఓదెలు కుంచె దించలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. గుడ్డ అయిపోయిన రోజు బాలవ్వే తన పెళ్ళిచీర చింపి అతుకు వేసింది.

పటం రాసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. బొమ్మలన్నీ అయ్యాకే కళ్ళల్లో నల్లచుక్క పెట్టాలి. దాన్ని కళ్ళు తెరవడం అంటారు. తెరిచాక ఇంకో బొమ్మ చేర్చకూడదు.

ఏడాది తిరిగాక కొంరవ్వ నడుచుకుంటూ వచ్చింది. "నా సుక్కకు సుక్క వెట్టినవా?"

ఓదెలు పటం విప్పాడు. తల మీద రాయి, ముక్కుకు పుల్ల, సుక్కమ్మే. కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. "పొరుగూరోళ్ళు మిగిలిన్రు. వచ్చే ఏడు పెడ్త అవ్వా."

కొన్నేళ్ళకు కర్ర పట్టుకుని వచ్చింది. "నా సుక్కకు సుక్క వెట్టినవా?"

"సున్నం కాల్చినోళ్ళు మిగిలిన్రు. వచ్చే ఏడు అవ్వా."

ఇంకొన్నేళ్ళకు పాకుతూ వచ్చింది. "నా సుక్కకు సుక్క వెట్టినవా? దానొక్కదానికే పెట్టు కొడుకా. ఎవ్వరికీ చెప్ప."

"కట్టుబాటు తప్పుతది. వచ్చే ఏడు."

"వచ్చే ఏడు నీకున్నది ఓదెలూ. నాకున్నదా?"

ఆ మరుసటి ఏడు కొంరవ్వ రాలేదు. ఓదెలే వెళ్ళాడు. గుడిసె ముందు జనం ఉన్నారు. కొంరవ్వ పోయింది, కళ్ళు మూయబోతే మూతపడటం లేదంటున్నారు.

ఓదెలు ఇంటికి పరుగెత్తాడు. దీపపు మసిలో ఉడుత వెంట్రుకల కుంచె ముంచాడు. పటం పరిచాడు. ఎంత వెతికినా సుక్కమ్మ దొరకలేదు. ఎక్కడని దొరుకుతుంది? ఇరవై ఏళ్ళుగా అందరినీ రాసి రాసి అతని కళ్ళే మసకబారిపోయాయి. బాలవ్వ చెయ్యి పట్టి చూపించింది. చుక్క పెట్టాడు. అది కన్ను తప్పి చెంప మీద పడింది. ఓదెలు కుంచె వదిలేసి పసివాడిలా ఏడ్చాడు.

తెల్లారి పటాన్ని వాకిట్లో పరిచాడు. "నాతోని కాదు. ఎవరోళ్ళకు వాళ్ళే కండ్లు తెరువుండ్రి," అన్నాడు. ఊరంతా వచ్చింది. తండ్రికి కొడుకు, అక్కకు చెల్లెలు చుక్కలు పెట్టారు. కొన్ని పెద్దవి, కొన్ని మెల్లకళ్ళు. సుక్కమ్మకు ఎవరూ లేరు. బాలవ్వే పెట్టింది.

"ఎట్లున్నరే?" అని అడిగాడు ఓదెలు.

"అందరు నీ దిక్కే సూస్తున్నరయ్యా."

ఆ మాట విని అతను మంచం పట్టాడు. మళ్ళీ లేవలేదు.

ఇప్పటికీ ఆ సీమలో పటం రాసేవాళ్ళు ఏ మొఖం రాసిన రోజు ఆ మొఖానికి కళ్ళు తెరుస్తారు. రాయి మోసే పిల్లను రాస్తే చెంప మీద ఒక నల్లచుక్క తప్పక పెడతారు. ఎవరైనా పనిని రేపటికి నెడితే పెద్దవాళ్ళు, "సుక్కకు సుక్క వెట్టినవా?" అని అడుగుతారు. అడిగించుకున్నవాడు తల వంచుకుని లేస్తాడు.

మీరు ఊకొట్టింది చాలు. మీ ఇంట్లో ఎవరైనా మీ కోసం ఎదురు చూస్తుంటే ముందు అక్కడికి పోండి. కథ ఎక్కడికీ పోదు.