హెప్సిబా, పరుగెత్తే పియానో

అనగనగా, రేవు పక్కన ఒక ఊళ్ళో హెప్సిబా అని ఒకమ్మాయి ఉండేది. ఆ పిల్ల గుండెలో దాచుకుని ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాటొకటి ముందుగా నీ చెవిలో వేస్తాను, విను బుజ్జీ. చర్చిలో పియానో చెడిపోలేదు. చెడిపోయిందని హెప్సిబా అబద్ధమాడింది.

ఎందుకంటావా? ఫోనులో చూసి తనంతట తనే పియానో నేర్చుకున్న పిల్ల. వేళ్ళు చురుకే గాని, లయ నిలవదు. తేలికైన చోట పరుగెత్తుతుంది, కష్టమైన చోట కుంటుతుంది. ఒకరోజు చర్చి పాటల సాధనలో తను వాయిస్తుంటే, పాడేవాళ్ళంతా ఊపిరందక ఆగిపోయారు. "ఏమ్మా, వెనక కుక్క తరుముతోందా?" అన్నాడు వెనక వరసలోంచి ఏసుపాదం బాబాయి. అందరూ గొల్లుమన్నారు. అప్పుడు నోటికొచ్చింది అనేసింది: "నా తప్పు కాదు బాబాయ్, మీటలు పట్టేస్తున్నాయి."

పాటలు నేర్పే దయామణి టీచరు నమ్మేసింది. ఆ తర్వాత పెద్దలు కూర్చుని, పనికిరాని పియానో ఎందుకులే, ఆదివారం పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేద్దామనుకున్నారు. ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క పియానోనే!

హెప్సిబాకి అన్నం దిగలేదు. "ముందు లయ పట్టాలి. పట్టాక నేనే నోరు విప్పుతాను" అనుకుంది. దుమ్ము తుడుస్తానని చర్చి తాళంచెవి అడిగి తీసుకుని, మధ్యాహ్నంపూట తలుపులేసుకుని కూర్చుంది.

మొదటిరోజు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నోటితో లెక్కపెట్టింది. కష్టమైన చోట వేళ్ళు తడబడితే, నోరు కూడా వాటితోపాటే ఆగి నిలబడింది.

రెండోరోజు ఫోనులో తాళం వేసే టిక్కు టిక్కు పెట్టుకుంది. అదేమో ఎవరికోసమూ ఆగదాయె! సగం పాటకే అది ముందు, ఈ పిల్ల వెనక.

మూడోరోజు శనివారం. "కారం కొట్టాలి, రావే!" అని పెద్దమ్మ మార్తమ్మ పిలిచింది. ఒకటే రోలు, రెండు రోకళ్ళు. ఒకటి లేస్తే ఒకటి పడాలి. హెప్సిబా దబదబా మొదలుపెట్టింది. పది పోట్లకే చెయ్యి బరువెక్కి, రోకలీ రోకలీ ఠంగున కొట్టుకున్నాయి.

"ఆగవే తల్లీ! మొదట్లోనే ఎందుకా ఎగురుడు?" అంది పెద్దమ్మ తుమ్ముతూ. "చివరి కాయ నలిగేదాకా ఏ జోరు నిలబడుతుందో, మొదటి పోటుకే ఆ జోరు పట్టు. అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువొద్దు."

హెప్సిబా చేతిలో రోకలి ఆగిపోయింది. తను తేలికైన చోటు చూసుకుని జోరు పడుతోంది. కష్టమైన చోటు చూసుకుని కదా పట్టాలి!

ఆ తర్వాత కారం మొత్తం దంచి, చేతులు కడుక్కుని, చర్చికి పరుగెత్తింది. వేళ్ళు తడబడే ఆ నాలుగు మీటల దగ్గరే మొదలుపెట్టింది. అవి ఎంత నెమ్మదిగా అయితే సరిగ్గా పడతాయో చూసుకుంది. అంతే నెమ్మదిగా పాట మొదటినుంచి ఎత్తుకుంది. తేలికైన చోట వేళ్ళు ముందుకు లాగాయి. పోనివ్వలేదు. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. అప్పుడు పళ్ళు బిగించి మూడోసారి వాయించింది. ఎద్దుబండిలా మెల్లగా, ఎక్కడా కుంటకుండా, పాట చివరిదాకా చేరింది.

ఇక మిగిలింది నిజం చెప్పడమే బుజ్జీ. తెల్లారితే ఆదివారం. టీచరు ఏమంటుందో! ఏసుపాదం బాబాయి ఇంకెంత నవ్వుతాడో! నవ్వితే నవ్వనీ, పియానో ఉంటే చాలు అనుకుంది హెప్సిబా. ఫోను తీసి, దయామణి టీచరు నంబరు నొక్కింది.

కథేమో కంచికి, కునుకేమో కంటికి.