తాత కింద చాప

మేకపిల్ల ఒకటి వెబ్‌సైటు బాగు చేసిందంటే నమ్ముతారా? నమ్మరని తెలుసు. మొత్తం చదివినాక "అబద్ధం" అనండి చూద్దాం, అప్పుడు మాట్లాడతా మీతో.

రాయచోటి దాటినాక ఒక గుట్ట ఉంది మామా. దాని మీద దస్తగిరి తాత అని ఒక ఫకీరు. నాలుగు మేకలు, ఒక చాప, ఒక చెంబు, అంతే ఆయన ఆస్తి. మాట్లాడేది తక్కువ. మాట్లాడితే మటుకు జనం ఇంటికి పోయినాక కూడా దాన్నే తలుచుకుంటా ఉంటారు.

ఆయన శిష్యుడు ఓబులేసన్న. అంటే, శిష్యుణ్ణని ఓబులేసన్న అనుకుంటాన్నాడు. తాత ఒక్క రోజు కూడా ఆ మాట అన్లేదు. అదే ఓబులేసన్నకి మంట.

బెంగుళూరులో కంప్యూటర్ పని వదిలేసి వచ్చినోడు గదా, ఊరికే ఉండలేక తాత మాటలకి ఒక వెబ్‌సైటు, దాంట్లో ఒక ఫీడ్ పెట్టినాడు. ఫీడ్ అంటే ఏం లేదు, తాత ఏదన్నా చెప్తే అది దానంతటదే అందరి ఫోన్లలోకి వచ్చి పడుతుంది. దాని మీద ఇంకొకరు ఏమన్నా రాస్తే అదీ పడుతుంది. అన్నీ విడివిడిగా, ఒకదాని యెనక ఒకటి. ఒకదాని లోపల ఇంకోటి దూర్చేదానికి లేదు. మరి ఏది పైది, ఏది దాని కిందిదని ఎట్లా తెలుస్తుంది? ఎక్కడో ఒక చోట రాయాల.

ఓబులేసన్న తాత మాటలోనే రాసినాడు. దీని కింద ఫలానా ఆమె ఉంది, ఫలానా ఆయన ఉండాడు అని. కొత్తోళ్లు ఎవురన్నా వస్తే తాత మాట మళ్లా తెరవాల, పేరు చేర్చాల. చేర్చిన ప్రతిసారీ ఫోన్లు "ఓహో మారింది" అనుకుని ఆ పాత మాటనే కొత్తదాని మాదిరి టింగుమని చూపిస్తాయి.

ఒకరోజు పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి రామలక్ష్మమ్మ ఫోన్. ఏడుపు గొంతు.

"నాయనా ఓబులేసూ, తాతకేమన్నా అయ్యిందా? నిన్నట్నుంచి ఆయప్ప మాటే మళ్లా మళ్లా వస్తాంది. టీవీలో పోయినోళ్లవే గదా అట్ల మళ్లా మళ్లా వేసేది?"

"ఏం కాలేదమ్మా. తాత గంజి తాగుతాన్నాడు."

ఫోన్ పెట్టేసి నేరుగా తాత కాడికి పోయినాడు. మొత్తం పేర్లు ఒక్కసారిగా చెప్పించుకుంటే, రాసేసి ఇంక ముట్టుకోకుండా ఉండొచ్చని ప్లాను.

"తాతా, నీ కింద ఎవురెవురు ఉండారో చెప్పు."

తాత కిందికి చూసినాడు. "చాప."

"ఎగతాళి చెయ్యాకు తాతా!"

"మరి ఏముందిరా కింద? నువ్వే చూడు."

ఇంక ఆగలేదు ఓబులేసన్న. అప్పటిదాకా అందరి పేర్లూ రాసినాడు గానీ తన పేరు మటుకు రాసుకోలేదు మామా. తాత చెప్పకుండా తనకు తాను ఎట్లా రాసుకుంటాడు? ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసం కాచుకోనుండాడు.

"పోనీ నా ఒక్కడి సంగతన్నా చెప్పు. నేను వచ్చి ఎన్నేళ్లాయ? ఒక్కసారన్నా 'వీడు నావాడు' అన్న్యావా ఎవురితోనన్నా?"

తాత గంజి చెంబు కింద పెట్టినాడు. "సాయంత్రం మేకల దొడ్డి కాడికి రా" అన్నాడు.

సాయంత్రం మేపుకోనొచ్చిన మేకల్ని దొడ్లోకి తోలినారు. దొడ్డి ఉండేది గుట్ట అడుగున, ఊరోళ్ల మేకలు కూడా దాంట్లోనే కట్టేస్తారు, అందుకే దొడ్డి నిండా మేకలే. అన్నీ నలుపే. పిల్లలన్నీ ఒక పెద్ద గంప కింద. తల్లులు ఇట్నుంచి అరుపు, పిల్లలు అట్నుంచి అరుపు. చెవులు పోతాయి.

"ఏ పిల్ల ఏ తల్లిదో ముందు రాసుకో. రాసుకున్నాక గంప ఎత్తు" అన్నాడు తాత.

"నాకెట్లా తెలుస్తుంది తాతా?"

"తల్లుల్ని అడుగు."

ఓబులేసన్న ఒక మేక మొహంలోకి చూసినాడు. అది ఆయన చొక్కా గుండీ నమిలింది.

తాత నవ్వి, తనే గంప ఎత్తినాడు.

అంతే. నీళ్లు ఒలికినట్టు పిల్లలన్నీ ఉరికినాయి. కాళ్ల సందుల్లో దూరి, మెడల కింద నుంచి పోయి, దేని తల్లి కాడికి అది. చూస్తాండంగానే అరుపులన్నీ ఆగిపోయినాయి. తోకలు మటుకు టపటపా ఊగుతాన్నాయి.

ఒక్క పిల్ల మిగిలింది, చెవి మీద తెల్ల మచ్చది. దాని తల్లి పాము కరిచి పోయింది. అది నడిమధ్యన నిలబడి అటూ ఇటూ చూస్తాంది.

"దానికెవురూ లేరు తాతా" అన్నాడు ఓబులేసన్న.

అనేలోపలే అది ఒక్క దూకు దూకి వచ్చి ఆయన లుంగీ అంచు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. అరుస్తాంటే వినలేక పొద్దున పొద్దున సీసాతో పాలు పట్టేది ఆయనే గదా. అదొక పెద్ద పనని ఆయనెప్పుడూ అనుకోలేదు.

తాత గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"దీన్ని ఎప్పుడు రాసుకున్యావురా నీ కింద?"

ఓబులేసన్న పిల్లని ఎత్తుకుని గుట్టెక్కినాడు.

లాప్‌టాప్ తెరిచి తాత మాటలోంచి పేర్లన్నీ తీసేసినాడు. ఎవురు రాసిన దాంట్లో వాళ్లే "నా పైన ఫలానాది" అని ఒక్క లింకు పెట్టుకునేట్టు మార్చినాడు. ఇంక ఎంతమంది వచ్చి చేరినా తాత మాట తెరిచే పని లేదు. ప్రొద్దుటూరులో రామలక్ష్మమ్మ ఫోన్ నిమ్మళంగా పడుకుంది.

అందరివీ అయినాక, చివర్లో తనది రాసుకున్నాడు.

పొద్దున తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. "నా దాంట్లో ఏముందిరా ఇప్పుడు?"

"నీ మాట ఒకటే తాతా."

"నీ దాంట్లో?"

ఓబులేసన్న లాప్‌టాప్ ఆయన వైపు తిప్పినాడు. ఆ ఒక్క లైను. పైన: తాత.

తాత అది చూసి ఓబులేసన్న తల మీద చెయ్యి పెట్టి జుట్టంతా చెదరగొట్టినాడు.

"పాలు తాగినావా?" అన్నాడు, మేకపిల్లని అడిగినట్టు.

దానికి ఓబులేసన్న ఏమన్నాడంటే... అబ్బా, మా అమ్మ పిలుస్తాంది. ఆఁ అమ్మా! వస్తాన్నా!